ఎర్రెద్దు ఎందుకు బతికింది

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి కొత్తగా చేరినవాళ్ళు ఈ మధ్య నాకు ఫోన్లు చేస్తున్నారు. "మేడం, మీ నోట్స్ ఉంటే పంపండి" అని. తప్పకుండా పంపిస్తాను. కానీ నోట్స్ తెరిచే ముందు ఇది చదవండి. విద్యుత్ పొటెన్షియల్ పాఠం మూడో పేజీలో నేను ఎర్ర సిరాతో గీత గీసి రాయించిన వాక్యం ఒకటుంది. అది సగమే నిజం. ఆ మిగతా సగం వల్ల ఒక ఇంట్లో తల్లీకూతుళ్ళ మధ్య మూడు నెలలు మాటల్లేవు. ఆ వాక్యాన్ని వాళ్ళింటికి పంపింది నేనే.

నా ఉద్యోగం తల్లాడలో మొదలైంది, సత్తుపల్లిలో చాలా ఏళ్ళు నడిచింది, భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఒక చిన్న కాలేజీలో ముగిసింది. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎవరు ఆపారు అన్న కథలు నా దగ్గర చాలానే ఉన్నాయి గానీ వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. పాఠం గురించే చెబుతాను.

నిలబడ్డ టబ్బు

మా నాన్న ఇల్లందు దగ్గర బొగ్గుబాయిలో పనిచేశాడు. బొగ్గు నింపిన టబ్బులను, అంటే చక్రాల ఇనుప తొట్లను, ఇనుప తాడుతో ఏటవాలు పట్టాల మీద పైకి లాగే ఇంజను నడిపేవాడు. ఆయన చదివింది ఐదో తరగతి. స్థితిజ శక్తి అనే మాట ఆయన ఎన్నడూ వినలేదు. కానీ అదేమిటో నాకు చెప్పింది ఆయనే.

ఒకసారి అన్నం తింటూ అన్నాడు. "ఉరికే టబ్బును జూసి అందరు భయపడ్తరు బిడ్డా. నాకు దాంతోని భయం లేదు, కనపడ్తది, పక్కకు జరుగుత. పైన ఊకె నిలబడ్డ టబ్బు ఉంటది సూడు, దాన్ని జూసి భయపడాలె. అది అంత పైకి పోయిందంటే మనం లాగితేనే పోయింది. ఆ లాగిందంత దాని కడుపుల ఉంటది."

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా ప్రొఫెసర్ ఇదే విషయాన్ని బోర్డు నిండా సమాకలనాలతో చెప్పారు. నాకు నవ్వొచ్చింది. ఒక విద్యుదావేశాన్ని దానిలాంటి మరో ఆవేశం దగ్గరికి తోయాలంటే మనం పని చెయ్యాలి. ఆ పని ఎక్కడికీ పోదు, ఆ ఆవేశం ఉన్న చోటులో దాగి ఉంటుంది. వదిలితే బయటికొస్తుంది. పొటెన్షియల్ వెనక ఉన్నది ఇదే, మా నాన్న టబ్బు కథా ఇదే. ఉద్యోగంలో చేరాక మొదటి రెండేళ్ళు నేను ఈ పాఠాన్ని టబ్బుతోనే మొదలుపెట్టాను. సింగరేణి ఇళ్ళ పిల్లలు తలలూపేవాళ్ళు. వాళ్ళ నాన్నలకూ ఆ తాడు తెలుసు.

తర్వాత మానేశాను. ఎందుకు మానేశానో కూడా చెప్పాలి.

నాలుగు మార్కుల భూమి

సత్తుపల్లిలో నాకొక ప్రిన్సిపాల్ గారు ఉండేవారు. చెడ్డవారు కాదు. పిల్లలకు బస్ పాసులు రాకపోతే తానే డిపోకు వెళ్ళి కూర్చునే మనిషి. కానీ ఫలితాల లిస్టు వచ్చే వారం ముందు ఆయన మొహం చూడలేం. ఒకరోజు నా క్లాసు బయట నిలబడి టబ్బు కథ విన్నారు. క్లాసయ్యాక స్టాఫ్ రూముకు పిలిచారు.

"కథ బాగుందమ్మా. పరీక్షలో టబ్బు అడుగుతారా?"

"అడగరు సార్."

"మరి నాలుగు మార్కులు ఎట్లా వస్తాయి? నిర్వచనం, పటం, ఉత్పాదన, సూత్రం. అండర్‌లైన్ చేయించండి."

ఆయన్ని తప్పుపట్టడం తేలిక. ఆ సంవత్సరం మా పిల్లలు సగానికి పైగా ఫిజిక్సులో పోయారు. అందులో ఇద్దరు ఆడపిల్లలకు వేసవిలోనే పెళ్ళిళ్ళు చేసేశారు. పెళ్ళి ఆపడానికి పాసవడమే వాళ్ళకున్న ఒక్క అడ్డుగోడ. ఆ మాట నా మనసులో పడింది. అప్పటి నుంచి నేను నోట్స్ రాయించే మేడం అయ్యాను. మంచి నోట్స్. పక్క కాలేజీల పిల్లలు కూడా జిరాక్స్ తీసుకునేవాళ్ళు. నాకు అందులో కొంచెం గర్వం కూడా ఉండేది, దాచడం దేనికి?

ఆ నోట్సులోనే ఆ వాక్యం. "భూమి పొటెన్షియల్ ఎల్లప్పుడూ, అన్ని చోట్లా సున్నా." కింద ఎర్ర గీత. తీగ మీద పిట్ట బొమ్మ ఒకటి గీయించి పక్కన ఇంకో వాక్యం రాయించేదాన్ని. రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉన్నాయి, పొటెన్షియల్ తేడా లేదు, కాబట్టి ప్రవాహం లేదు, కాబట్టి పిట్టకు ఏమీ కాదు. పిట్ట సంగతి నిజమే. భూమి సంగతి లెక్కలు తేలిక కావడానికి మనం అనుకునే మాట. అనుకునే మాటను నేను ఉన్న మాటగా రాయించాను. ఎన్ని బ్యాచులకు రాయించానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

సరోజ లేచి నిలబడిన రోజు

చివరి కాలేజీలో సరోజ అనే అమ్మాయి ఉండేది. అడవి అంచున ఉన్న తండా నుంచి రోజూ మూడు కిలోమీటర్లు నడిచి వచ్చి బస్సెక్కేది. వాళ్ళ నాన్న బాలు సారపాక వైపు లారీలకు జామాయిల్ కర్ర లోడింగుకు పోయేవాడు. పత్తి చేను, గొడ్లు అన్నీ తల్లి చాంది చూసుకునేది. సరోజ ముందు బెంచీలో కూర్చునేది. ప్రశ్నలు అడిగే పిల్ల.

ఆ ఏడు వానాకాలంలో, నేను పొటెన్షియల్ పాఠం చెబుతున్న వారంలోనే, వాళ్ళ ఎద్దు చనిపోయింది. గాలివానకు చేను పక్కన కరెంటు తీగ తెగి బురదలో పడింది. చాంది రెండెద్దులనూ మేపుకుంటూ తోలుకొస్తోంది. తెల్లెద్దు అక్కడికక్కడే పడిపోయింది. ఎర్రెద్దు మోకాళ్ళ మీద కూలబడి మళ్ళీ లేచింది. చాందికి ఏమీ కాలేదు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలియనిదల్లా ఒక్కటే: తెల్లెద్దు తీగను తొక్కిందా లేదా?

"తొక్కలే" అంది చాంది. ఎవరూ నమ్మలేదు. తొక్కకుండా ఎట్లా చస్తుంది? ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ ఎద్దును తీగ మీదికి వదిలేసి ఇప్పుడు తప్పించుకుంటోంది అన్నారు. పత్తిలో కలుపు పోవడానికి గుంటుక తోలే రోజుల్లో జోడెద్దుల్లో ఒకటి పోవడమంటే ఆ ఇంటికి ఎంత దెబ్బో నేను చెప్పనక్కర్లేదు. ఆ కోపమంతా ఆమె మీదికి మళ్ళింది.

నాలుగు రోజుల తర్వాత సరోజ కాలేజీకొచ్చింది. నేను ఎర్ర గీత వాక్యం రాయిస్తున్నాను. లేచి నిలబడింది.

"మేడం, భూమి సున్నా అంటున్నరు గదా. మరి మా ఎద్దు తీగ ముట్టకుండనే చచ్చిపోయిందని మా అమ్మ అంటుంది. భూమిలకెల్లి కరెంటు వచ్చిందంట. అట్ల అయితదా మేడం?"

సిలబస్ వెనకబడి ఉంది. గంట కొట్టడానికి పది నిమిషాలుంది. నేను బోర్డు వైపు నుంచి పూర్తిగా తిరగను కూడా లేదు.

"ఎట్లా అవుతుందమ్మా? భూమి పొటెన్షియల్ సున్నా. నిజంగా భూమిలో కరెంటే ఉంటే రెండెద్దులూ చావాలి, మీ అమ్మకు కూడా తగలాలి. ఒక్కటే పోయిందంటే అది తీగను తొక్కినట్టే. కూర్చో."

అన్నాక నాకే ముచ్చటేసింది. మంచి తర్కం చెప్పానని అనుకున్నాను. క్లాసులో ఒకరిద్దరు నవ్వారు. సరోజ కూర్చుంది. ఆ తర్వాత మూడు నెలలు ఆ పిల్ల నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ముందు బెంచీ నుంచి చివరి బెంచీకి మారింది. నేను గమనించాను. అడగలేదు. ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో ఇది చిన్నది కాదు.

వెంకన్న గంతులు

దసరా సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం గాలి లేచింది. కాలేజీ గోడవతల జామాయిల్ చెట్టు విరిగి తీగ మీద పడింది. తీగ తెగి సైకిల్ స్టాండ్ దగ్గర తడి నేల మీద పడింది. మా అటెండర్ రాములు దానికి నాలుగైదు అడుగుల దూరంలో నిలబడిపోయాడు. మేమంతా వరండాలోంచి "రా, ఇటు ఉరికిరా" అని అరుస్తున్నాం. ఫిజిక్స్ మేడం గొంతు అందరికంటే పెద్దగా ఉంది.

సరిగ్గా అప్పుడే లైన్‌మన్ వెంకన్న బండి మీద వచ్చాడు. బండి దూరంగా పడేసి మా మీద కేకేశాడు.

"ఉరకమని ఎవలన్నరు? రాములన్నా, అడుగెయ్యకు! కాళ్ళు రెండు కలుపు. అవ్, గట్లనే. కలిపినంక గంతెయ్యి. చిన్నగ. కాళ్ళు ఇడిపోవద్దు. ఇంకోటి. ఇంకోటి."

యాభై ఏళ్ళ రాములు రెండు కాళ్ళు కలిపి, లుంగీ ఎగ్గట్టి, పిల్లల ఆటలో లాగా గంతులేస్తూ వచ్చాడు. మా పిల్లలు కొందరు నవ్వారు. వెంకన్న నవ్వలేదు. సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి లైను ఆపించాడు. ఆ తర్వాతే గోడకు ఆనుకొని కూర్చుని నీళ్ళు అడిగాడు.

"ఉరికితే ఏమయ్యేది వెంకన్నా?" అని అడిగాను.

"పోతుండె మేడం."

"తీగ ముట్టుకోలేదు కదా."

"ముట్టుడెందుకు? తీగ పడ్డకాడ భూమిలకు కరెంటు దిగుతది. అక్కడ జోరు ఎక్కువ. చుట్టూ పోను పోను తగ్గుతది. ఒక కాలు ఎక్కువున్న కాడ, ఒక కాలు తక్కువున్న కాడ పెట్టినమనుకో, నడుమ మనమే తీగ అయితం. కాళ్ళు కలిపితే రెండిటికి ఒక్కతీరే ఉంటది, ఏంగాదు." నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "మనిషన్న బతుకుతడు. గొడ్డైతే కష్టం. ముందు కాళ్ళకు ఎనక కాళ్ళకు గంత ఎడముంటదాయె. గుండె నడుమనే ఉంటది."

ఒక ఆవేశం చుట్టూ వలయాలు గీసి, ఒక్కో వలయం మీద పొటెన్షియల్ ఒకటే, ఒక వలయం నుంచి ఇంకో వలయానికి పోతే తేడా అని ముప్పై ఏళ్ళు బోర్డు మీద గీశాను. ఆ వలయాలు బురదలో కూడా ఉంటాయని, వాటి మీద ఎద్దు నాలుగు కాళ్ళు పెట్టి నిలబడుతుందని నాకు ఒక్కనాడూ తోచలేదు. ఇంకోటి కూడా తోచింది. ఎద్దు ఒకే వలయం మీద అడ్డంగా నిలబడితే? ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ తేడా దాదాపు ఉండదు. అది బతుకుతుంది.

"కూర్చో" అని నేనన్న మాట చెవిలో మోగింది.

చాంది రాళ్ళు

మర్నాడు సరోజను స్టాఫ్ రూముకు పిలిచాను. ఎద్దు ఎటు తిరిగి నిలబడిందో అమ్మ ఏమైనా చెప్పిందా అని అడిగాను. పిల్ల తల దించుకుంది.

"మేం మాట్లాడుకుంటలేం మేడం."

కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. నా మాట విన్న రోజే సరోజ ఇంటికెళ్ళి అందరి ముందు చెప్పిందట. మా మేడం చెప్పింది, భూమిల కరెంటుంటే రెండెద్దులు చావాలె, అమ్మ అబద్ధం చెప్తుంది అని. అంతవరకు బాలు కొంచెం అటూ ఇటూ ఊగుతున్నాడట. కాలేజీ మేడం మాట వచ్చాక ఊగడం ఆగిపోయింది. చాంది అత్త ఎర్రెద్దు పలుపు ఆమె చేతిలోంచి తీసుకుంది. అప్పటి నుంచి గొడ్లను ఆమెకు అప్పగించడం లేదు. చాంది ఎవరితోనూ వాదించలేదు. కూతురితో మాత్రం మాట మానేసింది.

"ఊరంతా అన్నా పట్టించుకోలే గానీ, నువ్వంటివి అన్నది మేడం" అని చెప్పి సరోజ ఏడ్చింది.

ఆ ఆదివారం తండాకు వెళ్ళాను. వాళ్ళు ఇంట్లో వాళ్ళ భాషలో మాట్లాడుకుంటారు, నాతో తెలుగులో. చాంది పీట వేసింది, టీ ఇచ్చింది, మర్యాదలో లోటు చెయ్యలేదు. ఎద్దు సంగతి చెప్పమంటే మాత్రం నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కానీ నాకు అది తగినదే.

"ఇప్పుడెందుకు మేడం? మీరు చెప్పిన్రు గద, అయిపాయె."

"నేను చూడకుండా చెప్పాను. నువ్వు చూశావు. చెప్పు."

ఆమె లేచి చేనుకు నడిచింది. నేను, సరోజ వెనక నడిచాం. గట్టు దగ్గర ఆమె నాలుగు రాళ్ళు ఏరి ఒక్కొక్కటే పెట్టింది.

"ఇది తీగ కొస. ఇది తెల్లది. తీగ దిక్కు మొహం పెట్టి గడ్డి పీకుతాంది. తీగకు దానికి బారెడు దూరం. ఇది ఎర్రది. గట్టుకు అడ్డం నిలబడ్డది, తీగ దిక్కు దాని పక్క ఉన్నది. ఇది నేను, ఇంక ఎనక. కాళ్ళు జివ్వుమన్నయ్. పలుపులు ఇడిసిపెట్టిన. అడుగు పడలే. గట్లనే నిలబడ్డ."

"మరి తొక్కిందని ఎందుకన్నారు?"

"ముందటికి పడ్డది గద. అందరు వచ్చేసరికి దాని కొమ్ము తీగకాడ ఉన్నది. పడ్డంక జూసిన్రు వాళ్ళు. పడకముందు జూసింది నేనొక్కదాన్నే."

ఆ నాలుగు రాళ్ళ ముందు నేను గట్టు మీద కూర్చుండిపోయాను. ఒకటి ఎదురుగా, ఒకటి అడ్డంగా. అబద్ధం చెప్పదలచుకున్నవాళ్ళు ఎద్దు అడ్డంగా నిలబడిందని కల్పించరు. అది ఎందుకు పనికొస్తుందో ఆమెకు తెలియదు. చూసింది కాబట్టి చెప్పింది. రెండూ చావాలి కదా అన్న నా గొప్ప తర్కానికి జవాబు మొదటి రోజు నుంచీ ఆమె నోట్లో ఉంది. అడిగినవాళ్ళు లేరు.

ముల్లు

ఉత్తి మాటలతో పని జరగదని నాకు తెలుసు. నా మాటే కదా ఆ ఇంటిని విరిచింది, ఇంకో మాట ఎందుకు నమ్మాలి? కళ్ళకు చూపించాలి.

ఇంట్లో ఒక ప్లాస్టిక్ టబ్బులో తడి మట్టి నింపాను. మధ్యలో మేకు గుచ్చాను. అంచు చుట్టూ రాగి తీగ పెట్టాను. మేకుకు బ్యాటరీ ఒక కొస, రాగి తీగకు రెండో కొస కలిపాను. వోల్ట్‌మీటర్ వైర్లు రెండూ మట్టిలో గుచ్చి చూస్తే ముల్లు కదల్లేదు. గంటసేపు తల పట్టుకున్నాను. మా ఆయన వచ్చి చూసి, "నారుమడి కడుతున్నావా?" అని వెళ్ళిపోయాడు. చివరికి ఒక గుప్పెడు ఉప్పు కలిపి తడిపితే ముల్లు లేచింది. కొత్తవాళ్ళకు చెబుతున్నాను, ప్రయోగం ముందు ఇంట్లో చేసుకోండి. ఇంటి కరెంటుతో మాత్రం ఎన్నడూ చెయ్యకండి, బ్యాటరీతోనే.

వోల్ట్‌మీటర్ కాలేజీది. ఆదివారం బయటికి తీసుకెళ్ళడానికి ప్రిన్సిపాల్ అనుమతి అడిగాను. అప్పటి ప్రిన్సిపాల్ వయసులో నాకంటే చిన్నవాడు. "ల్యాబు సామాను తండాకా మేడం?" అన్నాడు. విషయమంతా చెప్పాను. సంతకం పెట్టాడు. "ముల్లు విరక్కుండా తెండి" అన్నాడు. ఇలాంటి అధికారులు మీకు దొరికితే అదృష్టం.

తండాలో చాంది వాకిట్లోనే పెట్టాం. బ్యాటరీ బాలు మందు కొట్టే స్ప్రేయర్‌లోంచి తీసిందే. నా బ్యాటరీలో ఏదో మాయ ఉందని ఎవరూ అనుకోవద్దని అలా చేశాను. బాలు వచ్చాడు, అత్త గడపలో కూర్చుంది, ఇరుగుపొరుగు పదిమంది దాకా నిలబడ్డారు. వోల్ట్‌మీటర్ వైర్లు సరోజ చేతికిచ్చాను.

"ఇది చేను. ఈ మేకు తెగిపడ్డ తీగ. సరోజ చేతిలోవి ఎద్దు కాళ్ళు, ఒకటి ముందుకాలు, ఒకటి వెనక కాలు. ఏదీ మేకును ముట్టుకోదు, చూస్తూ ఉండండి. సరోజా, తెల్లెద్దును నిలబెట్టు."

పిల్ల ఒక వైరు మేకు వైపు, ఇంకొకటి దూరంగా, ఎదురుగా గుచ్చింది. ముల్లు ఒక్కసారిగా లేచి సగం దాటి ఆగింది. ఎవరో "అబ్బో" అన్నారు.

"కాళ్ళు దగ్గరికి తీసుకో. ఇది మనిషి."

ముల్లు దిగిపోయి సున్నాకు కొంచెం పైన వణికింది.

"ఇప్పుడు ఎర్రెద్దు. ఎంత ఎడం తెల్లెద్దుకుందో అంతే ఎడం. కానీ అడ్డంగా పెట్టు. రెండు కాళ్ళూ మేకుకు ఒకే దూరంలో."

సరోజ చెయ్యి ఆగింది. తల్లి వైపు చూడలేదు, కానీ ఆగింది. తర్వాత రెండు వైర్లూ అడ్డంగా గుచ్చింది. ముల్లు వచ్చి సున్నా మీద కూర్చుంది. ఎడం అంతే. చేను అదే. బ్యాటరీ అదే. పిల్ల వైర్లు పీకి మళ్ళీ ఎదురుగా పెట్టింది, ముల్లు లేచింది. మళ్ళీ అడ్డం, ముల్లు పడింది. నాలుగుసార్లు చేసింది. ఎవరూ చెయ్యమనలేదు.

బాలు టబ్బు దగ్గరికొచ్చి వంగి చూశాడు. "అంటే ఎర్రది అడ్డం నిలబడ్డందుకే బతికిందా మేడం?"

"అవును. మీ ఇంట్లో ఆ మాట మొదటి రోజే చెప్పినవాళ్ళున్నారు."

అందరూ చాంది వైపు చూశారు. ఆమె గుంజకు ఆనుకొని నిలబడి ఉంది. కోపంగా లేదు. నెమ్మదిగా అంది.

"నేను చెప్పినప్పుడు భూమి గిదే. ఎద్దులు గవ్వే. ఈ ముల్లు ఒక్కటే లేకుండె."

ముప్పై ఏళ్ళలో నా పాఠం మీద ఎంతోమంది తనిఖీ అధికారులు రాసి వెళ్ళారు. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. "చాందీ, తప్పు నాది. చూడకుండా, అడగకుండా నీ మాట అబద్ధమని క్లాసులో చెప్పాను. నన్ను క్షమించు" అని చేతులు జోడించాను. తండా అంతా వినేలాగే అన్నాను. తప్పు చేసింది నలుగురిలో, దిద్దుకోవడం చాటుగా ఎందుకు?

ఆమె నా చేతులు పట్టుకుని కిందికి దించింది. "నాకు కాదు మేడం. దానికి చెప్పుర్రి. మీరంటే దానికి దేవుని లెక్క."

చెప్పాల్సిన పని పడలేదు. సరోజ వైర్లు కింద పెట్టి లేచింది. చేతులకు ఉప్పుమట్టి అంటుకుని ఉంది. తల్లి ముందుకెళ్ళి నిలబడి "యాడీ" అంది. వాళ్ళ భాషలో అమ్మ. తర్వాత ఏదేదో చెప్పింది. నాకు అర్థమైంది ఆ మొదటి మాట ఒక్కటే. చాంది కొంగుతో కూతురి చేతుల మట్టి తుడిచింది, వేలు వేలూ తుడిచింది. గడపలో కూర్చున్న అత్త లేచి, కొట్టం వైపు వెళ్ళి, ఎర్రెద్దు పలుపు విప్పి తెచ్చి కోడలి పక్కన నిలబడింది. పలుపు ఆమె చేతికిచ్చింది.

నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. వోల్ట్‌మీటర్ సర్దుకుంటున్నట్టు వంగి తుడుచుకున్నాను.

మూడో పేజీ

ఆ తర్వాత నాకు మిగిలిన రెండేళ్ళ సర్వీసులో ఈ పాఠాన్ని టబ్బుతోనే మొదలుపెట్టాను. మా నాన్న టబ్బు ఒకటి, ఉప్పుమట్టి టబ్బు ఒకటి. వెంకన్నను పిలిపించి పిల్లలందరితో వరండాలో గంతులేయించాను. నవ్వారు, నవ్వనివ్వండి. తెగిన తీగ దగ్గర ఎట్లా నడవాలో ఇప్పుడు వాళ్ళ కాళ్ళకు తెలుసు. నాలుగు మార్కులు కూడా ఎక్కడికీ పోలేదు. సత్తుపల్లి ప్రిన్సిపాల్ గారికి ఒకసారి పెళ్ళిలో కనబడి ఈ సంగతి చెబితే, "ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు.

సరోజ డిగ్రీ చదువుతోంది. బీఈడీ చేసి ఫిజిక్స్ చెబుతానంటోంది. చెబితే నాకంటే బాగా చెబుతుంది. తన తప్పు ఎంత దూరం నడిచి వెళ్ళిందో ఆ పిల్లకు పదిహేడేళ్ళకే తెలిసింది. నాకు తెలిసేసరికి రిటైర్మెంటు దగ్గరపడింది.

నోట్స్ పంపిస్తున్నాను. మూడో పేజీలో ఎర్ర గీత వాక్యాన్ని నేను నల్ల సిరాతో అడ్డంగా కొట్టేశాను. దిద్దిన వాక్యం పక్కనే ఉంది: "భూమి పొటెన్షియల్ సున్నా అని లెక్క కోసం అనుకుంటాం; తెగిన తీగ పడిన చోట మాత్రం అది అడుగడుక్కీ మారుతుంది." అది రాయించండి. కానీ రాయించేటప్పుడు ఒక్క నిమిషం బోర్డు వైపు నుంచి పూర్తిగా ఇటు తిరగండి. మన ప్రాంతంలో ఏ తరగతిలోనైనా తెగిన తీగను చూసిన ఇల్లు ఒకటుంటుంది. ఎవరో ఒకరు లేచి నిలబడతారు. గంట కొట్టడానికి ఎంత టైముందో చూసుకోకండి. కూర్చో అనకండి. ఎద్దు ఎటు తిరిగి నిలబడిందో అడగండి.